ముందరింట్లో మగ్గం గుంత

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక పెద్దల బడిలో దిద్దుకున్నవి. ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడుముకుంటాను, నాలుగు మాటలు రాసేలోగా పొయ్యి మీద కూర మాడుతుంది. ఇది మా ఇంటాయన ముచ్చట. ఆయన్నూ నన్నూ ఎవరో వేరేవాళ్లనుకుంటేనే చేయి సాగింది.

బీరన్న కాళ్లు గుంతలో ఉన్నాయి. కుడికాలితో తొక్కితే పోగులు విచ్చుకున్నాయి. వాటి మధ్యనుంచి పోగు చుట్టిన నాడె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఉరికింది. చెక్కతో రెండు దెబ్బలు వేసి కాలు మార్చాడు. డెబ్బై రెండేండ్లకు నడుము వంగింది, ఒక కంట్లో పొర వచ్చింది, ఈ వరస మాత్రం తప్పలేదు. నేసేది చేతులు కాదు, అరికాళ్లని ఆయన నమ్మకం. ఉన్ని వాసన, పోగులకు పట్టించే చింతగింజల గంజి వాసన ఆయన ఒంటికి ఎంతగా పట్టాయంటే, మక్తల్ బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. జనానికి తనంటే మర్యాద అనుకునేవాడు.

మూడు గదుల మట్టి మిద్దె అది. ముందరింట్లో గుంత తాత తవ్వినది. ఐదు నెలల కిందట రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వచ్చి గోడ మీద ఎర్రరంగు గీత గీసిపోయారు. దాని ప్రకారం ముందరిల్లు మొత్తం పోతుంది. మిగిలే రెండు గదుల్లో మగ్గానికి జాగా లేదు. తమ్ముడి కొడుకు విజేందర్‌కు మక్తల్‌లో మీసేవ ఉంది. పాత ఇండ్లను సర్కారు వారసత్వ కట్టడంగా గుర్తిస్తే ఎవరూ గోడ ముట్టరని తెలుసుకొని అతనే దరఖాస్తు పెట్టాడు. చూడడానికి ఈ రోజే హైదరాబాద్ నుంచి మనిషి వస్తున్నది.

"ఏమయ్యో, ఇంకా గండ్లనే కూసున్నవా?" గుర్వమ్మ పేడనీళ్ల బకెట్టుతో వచ్చింది. "గంత పెద్ద ఆఫీసరు గా గుంతల పడ్తే ఎవలు జవాబిస్తరు? లే, లే!"

ఇంటికి కొత్తవాళ్లు వస్తే గుంత కప్పాలనేది ఆ ఇంటి ఆనవాయితీ. ఎప్పుడో బీరన్న అక్క పెండ్లిచూపులనాడు పిల్లగాని మేనమామ అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. సంబంధం తప్పింది. అప్పటినుంచి చుట్టం గడప తొక్కేలోపు పలకలు పరిచేవారు. ఆ పలకలకు చెదలు పట్టి పోయిన ఏడే పొయ్యిలోకి పోయాయి.

"ఉన్ని సంచులు కుక్కి సాప పరుద్దాం," అన్నాడు బీరన్న.

విజేందర్ టెంట్‌హౌస్ నుంచి నీలం కుర్చీలు తెచ్చాడు. "పెద్దబాపు, మగ్గం సుత ఊడదీసి లోపల పెట్టు. వాసన రావొద్దు. ఇల్లు సాఫ్‌గ కనవడాలె."

పొద్దెక్కేసరికి సగం నేసిన గొంగడిని చుట్టి, మగ్గం విప్పి, అన్నీ వెనుక గదిలోకి చేర్చారు. నేల అలికి ముగ్గేశారు. బీరన్న ఉతికిన ధోతి కట్టుకొని గోడకు ఆనుకున్నాడు. పని లేని కాళ్లను ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు.

మధ్యాహ్నం వచ్చిన ఆఫీసరు పేరు ప్రణీత. ముప్పై ఏండ్లుంటాయేమో. గోడల మందం కొలిచింది, దూలాలు తట్టి చూసింది, తలుపు ఫొటో తీసింది. అంతా గంట కూడా పట్టలేదు.

"తాతా, ఇల్లు మంచిగా కాపాడుకున్నరు. కానీ ఇట్లాంటి మిద్దెలు ఈ చుట్టుపక్కల వందల్లో ఉన్నయి. దీనికంటూ ఒక ప్రత్యేకత ఉంటేనే నేను రాయగలుగుత."

బీరన్న విజేందర్‌ను చూశాడు. విజేందర్ నేలను చూశాడు. నూరేండ్ల ఇల్లని దరఖాస్తులో రాశాడే గానీ, నేతపని రాసేంత గొప్పదని అతనికి తోచలేదు. బీరన్నకైతే అసలే తోచలేదు. పొద్దున్నుంచీ దాచింది దాన్నే కదా. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"చాయ తాగి పో బిడ్డా," అన్నది గుర్వమ్మ, ఏడుపు గొంతుతో.

ప్రణీత కుర్చీ వైపు రెండడుగులు వేసింది. మూడో అడుగుకు చాప లోపలికి పోయింది, చాపతోపాటు ఆమె తొడదాకా పోయింది.

"అయ్యో, ముంచినవ్ గదయ్యా!" గుర్వమ్మ గ్లాసు వదిలేసింది. "పలకలు కొయ్యించు, కొయ్యించు అని ఏడాదిసంది మొత్తుకుంటున్న! ఇంటివా?"

"సంచులు మెత్తగనే ఉన్నయిలే, కాలిరగదు," అన్నాడు బీరన్న చెయ్యి అందిస్తూ.

ప్రణీతకు దెబ్బ తగల్లేదు. నల్లటి ఉన్నిలో కూరుకుపోయి చుట్టూ చూసింది. "తాతా, ఇదేంది?"

చెప్పక తప్పలేదు. తప్పు ఒప్పుకునేవాడిలా తల దించుకొని చెప్పాడు. ఆమె పైకి రాలేదు. "సంచులు తీయండి," అన్నది. విజేందర్ ఒక్కొక్కటే లాగాడు. అడుగున నల్లరాయి బయటపడింది. రెండు పాదాలు ఆనేచోట రాయి వేలి మందాన అరిగిపోయి ఉంది. వేళ్ల గుర్తులు వేరువేరుగా తెలుస్తున్నాయి.

"ఎవరి కాళ్లివి?"

"మా తాతయి. వాటి మీద మా నాయినయి. వాటి మీద నాయి." తన పాదాలు చూసుకొని, "మాకు చెప్పులు తక్కువరుగుతయి బిడ్డా," అన్నాడు.

ప్రణీత బూటు విప్పి ఆ గుంటలో పాదం పెట్టింది. చుట్టూ రెండు వేళ్ల చోటు మిగిలింది. అప్పుడు నవ్వింది. "ఇంత పొద్దు మీ ఇల్లు నాకు చూపించనే లేదు మీరు! మగ్గం ఎక్కడ?"

మగ్గం మళ్లీ బిగించేసరికి ఎండ గడప దిగింది. బీరన్న గుంతలో దిగి నేశాడు. ఆమె నేల మీదే బోర్లా పడుకొని ఆయన కాళ్ల ఫొటోలు తీసింది. ఫైసలా అయ్యేదాకా ముందరిల్లు ముట్టవద్దని రాసి, సంతకం పెట్టి కాగితం చేతికిచ్చింది. ఇక ముందుకు నడిపించే పూచీ తనదన్నది.

జీపు పోయాక బీరన్న ఊపిరి వదిలాడు. ఐదు నెలలుగా భుజాలు బిగబట్టుకొని తిరుగుతున్నానని ఆయనకు అప్పుడే తెలిసింది.

"ఆకలైతాంది," అన్నాడు.

"రాయి తిను, బాగ అరిగింది," అన్నది గుర్వమ్మ. నవ్వి నవ్వి గడపలో కూలబడ్డది. ఆ పూట ఆయన మూడు జొన్నరొట్టెలు తిని, కాగితం దిండు కింద పెట్టుకొని, పొద్దుండగానే నిద్రపోయాడు. ఆమె లేపలేదు.

ఆ ఏడు వానలు మొదలుకాకముందే, ఇది వారసత్వ కట్టడమని సర్కారు బోర్డు వచ్చింది. రోడ్డు ఆ ఇంటి దగ్గర కొంచెం వంగి పోయింది. మరో రెండేండ్లు బీరన్న నేశాడు. ఒక కార్తీకమాసం పొద్దున, జ్వరం లేదు, నొప్పి లేదు, ఎండలో గోడకానుకొని కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. ముందరింట్లోంచే తీసుకుపోయారు. గుర్వమ్మ ఏడ్చింది గానీ, ఇల్లు పోతుందన్న బెంగతో పోలేదన్న నెమ్మది ఆ ఏడుపులోనే ఉంది.

ఇప్పుడు లారీలు పోయినప్పుడల్లా బోర్డు మీద దుమ్ము పడుతుంది. రోజూ దాన్ని తుడిచేందుకు ఆయన చింపుకున్న పాత ధోతి ముక్క బోర్డు కింది మేకుకు అట్లాగే వేలాడుతున్నది, చివరిసారి తుడిచిన ఎర్రమన్నుతో.

గుర్వమ్మ, డెబ్బై ఒక్క ఏండ్లు.
మక్తల్ దగ్గర, ఆ మిద్దెలోనే.