కుడిచేతి కొలత

కిటికీ పక్క బల్ల నాది. పన్నెండేళ్ళు మూల బల్ల మీద కళ్ళు పొడుచుకుని కుట్టాక నాకు దక్కింది. రెండేళ్ళు కూర్చున్నాను. మూడో ఏడు మా తోడికోడలు లాక్కుంది. లాక్కుంది అంటే జుట్టుపట్టి లేపలేదు. ఒకరోజు పొద్దున్నే పెద్దమేస్త్రీ వచ్చి, "అమ్మా, నువ్వు మళ్ళీ ఆ మూలకి జరుగు. చిన్నమ్మాయికి వెలుగు కావాలి," అన్నాడు. అంతే. నాకు వెలుగు అక్కర్లేదన్నమాట. నేను గబ్బిలాన్ని.

మా కార్ఖానాలో కుట్టేది రెక్కల గుర్రాలకి. కోట నుంచి కోటకి ఉత్తరాలు మోసే గుర్రాలవి. వాటి జీను కింద వేసే బట్ట భుజం దగ్గర రెక్క విప్పితే సాగాలి, ముడిస్తే ముడత పడకూడదు. ఆ కుట్టుని మేం రెక్కకుట్టు అంటాం. నేను వేసిన రెక్కకుట్టు ఆర్నెల్లు నిలుస్తుంది. తోడికోడలు వేసింది గుర్రం ముసలిదై చచ్చినా ఊడదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకెంత కష్టమో చెప్పలేను. కానీ అబద్ధం చెప్పి ఏం లాభం? రోజూ ఆ కుట్టు వంక చూసేదాన్ని నేనే. మెచ్చుకునేవాళ్ళు ఒకసారి చూసి పోతారు. కడుపు మండేవాళ్ళే కుట్టు కుట్టూ లెక్కపెడతారు.

పైగా నేర్పింది నేనే. మా మరిది పెళ్ళాంగా వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కించడం రాదు దానికి. ఎడమచేతివాటం. మూడు రోజులు కుడిచేతికి మార్చాలని చూశాను, కొలబద్దతో మణికట్టు మీద రెండేశాను కూడా.

"ఎడమచేత్తోనే రానీ అక్కా. ఏ చెయ్యో గుర్రానికి తెలుస్తుందా ఏం?" అని నవ్వింది.

ఆ నవ్వుతోనే నన్ను దాటిపోయింది.

ఇంట్లోనైనా మనశ్శాంతి ఉందా? అన్నం దగ్గర కూర్చుంటే మా అత్త మొదలుపెట్టేది. "చిన్నదాని చేతిలో ఏదో ఉందే. దుప్పటికి అంచు కుట్టింది, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో వెతుక్కోవాల్సి వచ్చింది."

"చత్వారం వచ్చింది నీకు, అందుకే కనబడలేదు," అనేదాన్ని నేను.

"నువ్వు కుట్టింది మాత్రం కనబడుతుందే, గుమ్మంలోంచే కనబడుతుంది," అనేది ముసల్ది.

ఇదంతా ఒక ఎత్తు. మా ఆయన చేసింది ఇంకో ఎత్తు. తన కోటు చిరిగితే తీసుకెళ్ళి మరదలికిచ్చాడు. కుట్టుపని చేసే పెళ్ళాం ఇంట్లో ఉండగా! "నువ్వు అలిసిపోయావని..." అని నసిగాడు. ఆ పూట ఆయనకి మంచినీళ్ళు కూడా నేనివ్వలేదు.

సరిగ్గా అలాంటి రోజుల్లోనే గుండీలాయన నన్ను పసిగట్టాడు.

గుండీలాయనంటే మెడలో పెట్టె వేలాడదీసుకుని కార్ఖానాలన్నీ తిరుగుతూ గుండీలు అమ్మేవాడు. ఒక మధ్యాహ్నం కార్ఖానా వెనక మెట్ల మీద నేను ఒక్కదాన్నే కూర్చుని ఉంటే వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "కిటికీ పక్క బల్ల మళ్ళీ కావాలా అమ్మా?" అన్నాడు, గుండీలు కావాలా అని అడిగినంత మామూలుగా.

వాడు తెల్లచేతుల సభ మనిషని అప్పుడర్థమైంది. ఆ సభ గురించి మా ఊళ్ళో వినని వాళ్ళు లేరు, గట్టిగా మాట్లాడేవాళ్ళూ లేరు. వాళ్ళు మాంత్రికులు. పైకి చూస్తే దీపాలు వెలిగించే మంత్రగాళ్ళు, జాతకాలు చెప్పే పెద్దమనుషులు. లోపల రహస్యంగా ఒక సభ. అందులో పక్కవాడి మొహం పక్కవాడికి తెలియదు. ముసుగులు, చేతులకి తెల్ల తొడుగులు. జన్మలో ఒక్క పని చేసి ఎరగని చేతులు కదా, మాసిపోతాయని భయం కాబోలు. వాళ్ళు చేసేదల్లా దొంగతనం. డబ్బూ నగలూ కాదు. పనివాడి చేతిలోంచి పనితనం లాగేసి, కావాలన్న గొప్పింటి వాడి చేతిలో పోస్తారు. ముప్పై ఏళ్ళు నేర్చుకున్నది వీడికి ఒక్క నిమిషంలో పోతుంది. ఒక్క రోజు కష్టపడనిది వాడికి ఒక్క నిమిషంలో వస్తుంది. మంత్రం తీసేసి చూస్తే లోకంలో మామూలుగా జరిగేది కూడా అదేననుకోండి.

మా వీధిలో తాళాలు చేసే పెద్దాయన చేతిలో పనితనం అలాగే పోయింది. అది చూసి కూడా నేను గుండీలాయన్ని మెట్ల మీంచి తన్నలేదు. కూర్చుని విన్నాను.

"మీకు ఇంతమందిలో నేనే ఎందుకు?" అన్నాను.

"మావాళ్ళకి పని తెలియదమ్మా," అన్నాడు. "పని తెలియనివాడికి మంచి చెయ్యేదో, మామూలు చెయ్యేదో ఏం తెలుస్తుంది? ఊళ్ళో వాళ్ళని అడిగితే బంధువుల పేరో, అందంగా ఉన్నదాని పేరో చెబుతారు. యజమానిని అడిగితే తక్కువ జీతానికి చేసేవాడి పేరు చెబుతాడు. అందుకని ఏడ్చేవాళ్ళని అడుగుతాం. ఇప్పటిదాకా ఒక్కసారీ గురి తప్పలేదు."

నన్ను చెంప మీద కొట్టినట్టయింది. నిజమే మరి. నా అంత ఖచ్చితంగా తోడికోడలి చేతి విలువ తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరూ లేరు.

పెట్టెలోంచి తెల్లదారం ఉండ తీసి నా ఒళ్ళో వేశాడు. "మణికట్టు నుంచి ఒక్కో వేలి కొసకీ కొలిచి, వేలికో ముడి వెయ్యి. అయిదు ముడులు. ఇంట్లోమనిషే కొలవాలి, ఆ మనిషి నవ్వుతూ చెయ్యి చాపాలి. కుడిచెయ్యి కొలత చాలు. మూడోరోజు ఇక్కడే ఇయ్యి."

"ఇవ్వకపోతే?"

"దారం ముట్టుకున్నావుగా. అది ఖాళీగా రాదు. ఆ మనిషి చెయ్యి కాకపోతే నీ చెయ్యి."

కుడిచెయ్యట! లోపల నవ్వుకున్నాను. ఎంత చవటలో చూడండి. పని అంటే కుడిచేత్తోనే అనుకుంటున్నారు. వీళ్ళనిలా వదిలేస్తే నా తోడికోడలి దగ్గర వట్టి చేతులతో పోతారు. కుడిదని చెప్పి ఎడమది నేనే అందిస్తాను అనుకున్నాను. అవును, నేనే అనుకున్నాను. పళ్ళు కొరుక్కుంటూ, మనసారా అనుకున్నాను.

మర్నాడు బల్ల దగ్గరికెళ్ళి, "చలి మొదలవుతోంది, నీకు చేతి తొడుగులు కుడతానే. చెయ్యి ఇటు పెట్టు," అన్నాను.

అది కుట్టు ఆపి నా మొహంలోకి చూసింది. నేను దానికి ఏదైనా కుడతాననడం ఇదే మొదలు. "నాకా అక్కా?" అంది. సంతోషంతో మొహం ఇంతయింది. ఎడమచెయ్యి చాపింది. కొలిచాను. అయిదు ముడులు. "రెండోది వద్దా? ఒక్క చెయ్యికే చలేస్తుందా?" అని నవ్వుతూ కుడిదీ చాపింది. తప్పక ఉండలోంచి ఇంకో ముక్క తెంపి అదీ కొలిచాను. ఎడమది ఎడమ జేబులో వేసుకున్నాను, కుడిది కుడి జేబులో.

మూడోరోజు అన్నాల వేళకి ఇంటి నుంచి కార్ఖానాకి బయల్దేరాను. దారిలో తాళాల పెద్దాయన గుమ్మం ముందు కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తాళం, చేతిలో తాళంచెవి. నన్ను చూసి, "అమ్మాయ్, ఇది ఎటు నుంచి పెట్టాలమ్మా?" అన్నాడు. ఊరి ఖజానాకి తాళం చేసిన మనిషి! చొక్కాకి గుండీలు లేవు, పెట్టుకోలేడు కాబట్టి నాడాలు కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. మా తోడికోడలిదే. ఎప్పుడు కుట్టిచ్చిందో, నాతో అనలేదు.

ఇంతలో ఆయన తమ్ముడు లోపల్నించి వచ్చాడు. అతనూ తాళాలు చేసేవాడే. పాపం, రోజూ వచ్చి అన్నకి అన్నం తినిపిస్తాడు, చొక్కా నాడాలు కడతాడు, ఎంత మంచి తమ్ముడో అని వీధంతా అంటుంది. నేనూ అన్నాను. ఆవేళ చూశాను. నాడాలు కడుతున్నంతసేపూ అన్న మొహంలోకి ఒక్కసారీ చూడలేదు. నేను చూస్తున్నానని తెలిసి వేళ్ళు తడబడ్డాయి. ఎవరు కొలిచారో ఆ చేతిని, ఇక అడగక్కర్లేదు.

రెండు జేబులూ తడుముకున్నాను. కానీ మనసు మారిందని మాత్రం చెప్పను. జాలితో మనుషులు మారిపోతారని చెప్పేవాళ్ళకి కడుపుమంట అంటే తెలియదు. పెద్దాయన వంక చూస్తూనే కిటికీ పక్క బల్ల తలుచుకున్నాను నేను.

గుండీలాయన మెట్ల మీద సిద్ధంగా ఉన్నాడు. పక్కన మూతపెట్టిన గాజుసీసా, లోపల పాలలాంటి నీళ్ళు.

"ఎవరి చేతిలోకి పోతుంది ఇది?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. నా సొంత సరుకు అమ్ముతున్నట్టు అడిగాను.

వాడు మురిసిపోయాడు. "నగరాధిపతి కూతురమ్మా! పెళ్ళి అంగీ తన చేత్తో తనే కుట్టుకుందని నలుగురూ చెప్పుకోవాలని ఆవిడ ముచ్చట. అతిథుల ముందు కూర్చుని కుడుతుందట."

"సూది పట్టడం వచ్చా?"

"సూదికి ఎటు బెజ్జమో కూడా తెలియదు. ఇక నేర్చుకునే ఖర్మేంటి? నీ తోడికోడలి కంటే బాగా కుడుతుంది, చూస్తూండు."

అక్కడ నా ఒళ్ళు మండింది.

నా తోడికోడలి మీద ఏడవడానికి నాకు హక్కుంది. సూదిపోట్లు తిన్నాను, చీకట్లో కళ్ళు పోగొట్టుకున్నాను, దానికి నేర్పి దాని చేతిలోనే ఓడిపోయాను. ఆ ఏడుపు నేను కష్టపడి సంపాదించుకున్నది. అలాంటి రెక్కకుట్టు నాకు రాకపోతే పోనీ, అది దానిదని అయినా ఒప్పుకుంటాను. వేలికి ఒక్క పోటైనా పడని ఆ పిల్ల దొరసానమ్మ దాన్ని తొడుక్కుని, పెళ్ళి పందిట్లో కూర్చుని, నలుగురి చేతా ఆహా అనిపించుకోవడమా? ఇన్నాళ్ళూ నేను లెక్కపెట్టిన కుట్లు ఆ చేతిలోంచి రావడమా? ఎదురుగా నిలబడి చూసి నేను బతకాలా? తోడికోడలి మీద ఉన్న మంట ఒక పొయ్యి అనుకుంటే, ఈ మంట ఊరు తగలబడినట్టు లేచింది.

కుడి జేబులో చెయ్యి పెట్టాను.

"కుడిదేగా?" అన్నాడు.

"కుడిదే," అన్నాను. నా జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ చెప్పలేదు.

దారం సీసాలో వేశాడు. ముడులు ఒక్కొక్కటే విడిపోయాయి. లోపల కార్ఖానాలో ఏదో కింద పడిన చప్పుడైంది. పరిగెత్తాను. మా తోడికోడలు కుడిచెయ్యి ఎత్తి పట్టుకుని తెల్లబోయి చూస్తోంది. కింద సుద్దముక్క. "అక్కా, ఈ చెయ్యి నాది కానట్టుందే," అంది.

ఎడమచేతిలో సూది అలాగే ఉంది. "కుట్టి చూడు," అన్నాను. కుట్టింది. రెక్కకుట్టు చెక్కుచెదరలేదు. కానీ కుడిచేత్తో బట్ట పట్టుకోవడం రాలేదు. అంతవరకు సాపుగా బిగించి పట్టే చెయ్యి, ఇప్పుడు ఉండ చుట్టేస్తోంది. అది కూడా ఒక పనితనమేనని, ఆ చెయ్యి ఇన్నాళ్ళూ ఎంత పని చేసిందోనని, అప్పటిదాకా నేను కూడా గమనించలేదు. అంతా గమనించానని విర్రవీగినదాన్ని. నేను ఆ పిల్లకి చేసిన నష్టం అది. చిన్నది అనను.

పెళ్ళి సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వింది. దొరసానమ్మ అతిథుల మధ్య సూది పట్టుకుంది. బట్ట మాత్రం బల్లకి అతికించినంత సాపుగా పట్టిందట. కుట్టేమో అడ్డదిడ్డంగా పోయి, అంగీని తన పరికిణీకే కలిపి కుట్టేసుకుందట. లేచి నిలబడేసరికి అన్నీ కలిసి లేచాయి. పెళ్ళికొడుకు తల్లి నవ్వాపుకోలేక బయటికి పోయిందట. నగరాధిపతి మండిపడ్డాడు. మాంత్రికులు ఆ కోపం గుండీలాయన మీద తీర్చుకున్నారు. ఇప్పుడు వాడికి పెట్టె మూత తియ్యడం రాదు, నోట మాట పెగలదు. నా సంగతి తెలిసినవాడు సభలో వాడొక్కడే.

సభ కూలిపోయిందా అంటే లేదు. అలాంటివి ఒక్క అంగీతో కూలవు. కానీ కొనేవాళ్ళకి అనుమానం పట్టుకుంది. "ఇది నిజం చెయ్యేనా?" అని అడుగుతున్నారట. చెప్పడానికి అక్కడ పని తెలిసినవాడు ఒక్కడుంటేగా!

ఇప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటాం. నేను బట్ట పడతాను, అది కుడుతుంది. వెలుగు నాకూ పడుతోంది. పేరు మాత్రం దానిదే.

చలి ముదిరింది. మాటిచ్చాను కాబట్టి తొడుగు కుట్టి ఇచ్చాను. ఎడమచేతిది, ఎడమ జేబులో మిగిలిపోయిన దారం కొలతకి. అది తొడుక్కుని చూసుకుని, "రెండోదేది అక్కా?" అంది.

"దానికి మళ్ళీ కొలవాలి."

"ఆ రోజు కొలిచావుగా? తెల్లదారంతో. అయిదు ముడులు వేశావు."

అబద్ధం ఆడదామనుకున్నాను. కుడిచెయ్యి ముడుచుకుని ఒళ్ళో పెట్టుకుని ఉంది, నిద్రపోతున్న పిల్లలా. ఆడలేకపోయాను. మెట్లు, గుండీలాయన, రెండు జేబులు, అంతా చెప్పాను. ఎడమది ఇవ్వాలనే మొదట అనుకున్నానని కూడా చెప్పాను. దాని మీద జాలితో మానలేదని, ఆ దొరసాని మీద ఏడుపుతో మానానని కూడా.

ఏడవలేదు. అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. ఎడమచేతి తొడుగు పళ్ళతో లాగి విప్పింది. తిరగేసి నా కుట్టు వంక చాలాసేపు చూసింది. తర్వాత కత్తెర తీసుకుని, మొత్తం కుట్టు ఊడదీసింది.

"బొటనవేలి దగ్గర బిగుతు," అంది, నా మొహం చూడకుండా. "పట్టుకో."

పట్టుకున్నాను. నేను నాలుగు రోజులు కుట్టినదాన్ని గంటలో కుట్టేసింది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియలేదు. నేను వెతికాను. దొరకలేదు. అది లేచిపోయాక కూడా వెలుగుకి పెట్టి వెతుకుతూనే ఉన్నాను. కడుపు మళ్ళీ మండటం మొదలుపెట్టింది.