రంగు కోసేసిన కడ్డీ

నేను ఒక అల్యూమినియం కడ్డీని. ఆ మాట అనగానే మీకు సొట్టలు పడ్డ అన్నం గిన్నె గుర్తొస్తుందని నాకు తెలుసు. అందుకే నాకు ఒళ్లు మండుతుంది. మా రకం పేరు 7075. నాలో వందకు తొంభై పాళ్లు అల్యూమినియమే, కాదనను. అసలు సంగతంతా మిగతా పదిలోనే ఉంది. అయిదారు పాళ్లు జింకు, రెండున్నర మెగ్నీషియం, ఒకటిన్నర రాగి, చిటికెడు క్రోమియం.

ఊరికే కలిపేస్తే బలం రాదు. నన్ను దిమ్మగా పోసి, వేడి మీద ఒత్తి, కడ్డీగా సాగదీశారు. మళ్లీ నాలుగు వందల డెబ్బై డిగ్రీల కొలిమిలో పెట్టి, తీసీ తీయగానే నీళ్లలో ముంచారు. ఆ తర్వాత నూట ఇరవై డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచారు. అంత పడితే గాని, ఉక్కులో మూడో వంతు బరువుతో ఉక్కుకు దీటైన బలం నాకు రాలేదు. ఇంత చేసినవాళ్లు నా మొహం మాత్రం మార్చలేకపోయారు. చూడ్డానికి నేను కిటికీ చట్రాలకు వాడే మెత్తటి అల్యూమినియంలాగే ఉంటాను. చేత్తో ఎత్తి చూసినా తేడా తెలియదు. అందుకని నా ఒక కొసకు నీలం రంగు పూశారు. నా పేరూ ఊరూ అన్నీ ఆ రంగే.

నేను చేరింది బాలానగర్‌లో ఒక లేత్ షెడ్డుకు. అక్కడ కృత్రిమ కాళ్లకు కీళ్లు చేస్తారు. మోకాలి కింది తొడుగుకూ, దాని కిందుండే గొట్టానికీ మధ్య బిగించే చిన్న ముక్క అది. మనిషి బరువంతా దాని మీదే పడుతుంది. షెడ్డులో రెండే రకాల అల్యూమినియం ఉండేది, నేనూ, ఆ మెత్తటిదీ. పెద్ద టర్నర్ కనకాచారిది ఒకటే పట్టు. కడ్డీని రంగు లేని కొస నుంచే కోయాలి. జానెడు మిగిలినా ఆ జానెడుకు పేరు మిగలాలంటాడు.

కనకాచారి కంటి ఆపరేషన్ చేయించుకుని నెల రోజులు సెలవు పెట్టాడు. పెత్తనం సూపర్‌వైజర్ దయాకర్ చేతికొచ్చింది. ఆయనకు అన్నీ అర్జెంటే. రంగు కొస రంపానికి దగ్గరగా ఉందని, నన్ను తిప్పి పెట్టే ఓపిక లేక, అటు నుంచే కోసేశాడు. తిప్పడానికి పట్టేది అరనిమిషం. ఆ అరనిమిషం కోసం నన్ను అనామకుణ్ణి చేసి మెత్తటి ముక్కల పక్కన పడేశాడు.

వారం తిరక్కుండా బాలనర్సమ్మ కాలికి కీలు కావాల్సి వచ్చింది. ఆమె చౌరస్తాలో మిర్చిబజ్జీల బండి నడుపుతుంది. లారీ కింద పడి కాలు పోయినా, నిలబడితేనే ఇల్లు గడిచే మనిషి. దయాకర్ నీలం రంగు కోసం వెతికాడు, దొరకలేదు. ఉండదని ఆయనకు తెలియొద్దూ! నా మీదుగా చెయ్యి చాపి పక్కనున్న మెత్తటి ముక్క తీశాడు. కొత్త టర్నర్ సందేహపడితే, "అల్యూమినియమే గదా, ఏదైతే ఏంది?" అన్నాడు. నాకు నోరుంటే ఆ షెడ్డు రేకులు ఎగిరిపోయేవి. నన్నేమో స్టోరు తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.

రెండు నెలలకు ఆ కీలు వంగి విరిగింది. బాలనర్సమ్మ మరుగుతున్న నూనె మూకుడు ముందు నిలబడి ఉండగా విరిగింది. తూలి పడబోతూ ఆసరాకు చెయ్యి చాపితే మూకుడే చిక్కింది. కుడిచెయ్యి మణికట్టు దాకా కాలింది.

కట్టు కట్టిన చేత్తో ఆమె విరిగిన ముక్క తెచ్చి కనకాచారి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని తిప్పి చూసి, నీలం కడ్డీ ఎక్కడని అడిగాడు. స్టోరులోని ముక్కలన్నీ, తలుపు కింద నుంచి నన్నూ తెచ్చి వరసగా పేర్చి, ఒక్కోదాని మీద కాస్టిక్ సోడా నీళ్లు చుక్క వేశాడు. మెత్తటివన్నీ తెల్లగానే ఉన్నాయి. నాలో రాగి ఉంది కాబట్టి నేను నల్లబడ్డాను. కోపంతో నల్లబడ్డానన్నా నాకు అభ్యంతరం లేదు.

కనకాచారి ఆ రోజే నన్ను లేత్ ఎక్కించాడు. కీలు తయారయ్యాక దాని ఒక పక్కకు వేలెడంత నీలం రంగు పూశాడు, మిగిలిన ముక్క కొసకూ పూశాడు. కాలు బిగించే రోజున దయాకర్ వచ్చాడు. తప్పయిందన్న మాట ఆయన నోట రాలేదు. మచ్చలా కనిపిస్తోంది, తుడిచేద్దామని థిన్నర్ గుడ్డ తీశాడు. బాలనర్సమ్మ కట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టకు సారూ. గా రంగు లేకనే నా చెయ్యి కాలింది. ఇగ రోజూ అది చూసినంకనే కాలు తొడుగుత."

దయాకర్ గుడ్డ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు సాయంత్రం నాలుగు నుంచి ఆమె బండి దగ్గర నిలబడుతుంది, ఆమె కింద నేను. ఆమె చేతి మీద మచ్చ మిగిలింది, నా కోపమూ మిగిలింది. దయాకర్ అప్పుడప్పుడు బజ్జీలకు వస్తాడు. పళ్లెం అందుకుని ఒక్కొక్కటీ విరిచి, మిర్చిదేదో అరటికాయదేదో చూసుకుని, మిర్చివి పక్కన పెట్టి తింటాడు. ఆయనకు కారం పడదట. పైన శనగపిండి ఒకటే గదా, ఏదైతే ఏంది అని మాత్రం ఒక్కనాడూ అనడు.