పదకొండో హోల్ దగ్గర

గోల్ఫ్ బూట్ల అడుగున పొట్టి ముళ్ళుంటాయి. వాటి మధ్య గడ్డి, తడి మట్టి ఇరుక్కుంటాయి. శనివారం మధ్యాహ్నం బాల్కనీలో పీట వేసుకుని కూర్చుని పాత టూత్‌బ్రష్‌తో ఆ గడ్డి తీయడం నా పని. ఒకసారి ఎడమ బూటు మడమ దగ్గర ఒక పోచ మిగిలిపోయింది. క్లయింట్ల ముందు కాలు మీద కాలు వేసుకున్నప్పుడు వాళ్ళకు కనబడిందట. ఇంటికొచ్చి అదే బూటుతో నా మొగుడు ఖాదర్ నా వీపు మీద కొట్టాడు. అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంటే ముళ్ళ గుర్తులు వరసగా ఏడు. ఆ వారమంతా బోర్లా పడుకున్నాను. శనివారం వచ్చేసరికి మళ్ళీ బూట్లు, మళ్ళీ బ్రష్షు. ఈసారి భూతద్దం పెట్టి చూసినట్టు చూసి మరీ తుడిచాను. కొట్టిన మనిషి మీద కంటే మిగిలిపోయిన ఆ పోచ మీదే నాకు ఎక్కువ కోపం వచ్చిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇప్పుడు ఖాదర్ అంటున్నాను గానీ పదమూడేళ్ళ కాపురంలో ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. మాది రాయచోటి. కడపలో ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను. పెళ్ళయిన ఏడాదికి మస్కట్‌లో ఘుబ్రాకి వచ్చాను, రెండు గదుల ఫ్లాట్‌కి. ఖాదర్‌వలి అప్పట్లో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు కొట్టేవాడు. డబ్బున్నవాళ్ళు ఎక్కడ చేరతారో కనిపెట్టి గోల్ఫ్ నేర్చుకున్నాడు. ఇక్కడ ఎండ మండిపోయే నెలల్లో వాళ్ళను మధ్యధరా తీరానికి, స్పెయిన్ దక్షిణాన ఉన్న గోల్ఫ్ మైదానాలకు తీసుకుపోయే టూర్లు మొదలుపెట్టాడు. ఏ మైదానంలో ఎప్పుడు ఆడాలి, ఏ హోటల్ నుంచి ఎంత దూరం, బంతి వేయాల్సిన పద్దెనిమిది హోల్స్‌లో ఏ హోల్ దగ్గర సముద్రం కనిపిస్తుంది, అన్నీ రాసేది నేను. స్పెయిన్ వాళ్ళకు మెయిళ్ళు పెట్టేదీ, వాళ్ళతో బేరమాడేదీ నేనే. కింద సంతకం మాత్రం ఖాదర్‌వలి. నేను ఫ్యామిలీ వీసా మీద వచ్చినదాన్ని. నాకు పని చేసే కాగితం లేదు కాబట్టి నేను చేసేది పని కాదు. "ఏసీ కింద కూచోని టైపు కొట్టడమేగా, నీకేం కష్టం మే" అనేవాడు. రాయచోటి నుంచి ఫోన్‌లో మా అత్త, "నా కొడుకు ఎండలో తిరగలాడి సంపాదిస్తాండాడు, ఇంట్లో ఉండేదానివి నువ్వు కొంచెం ఓర్చుకోవల్ల" అనేది. ఓర్చుకోవాల్సింది ఏమిటో ఆమెకు తెలుసు. ఆమె కూడా ఓర్చుకున్న మనిషే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు ఆ పని ఇష్టం. పొద్దున కుక్కర్ పెట్టి లాప్‌టాప్ తెరిస్తే, పప్పు ఉడికే లోపల ఆ తీరం మీద ఒక హోల్ నడిచి వచ్చేదాన్ని. మ్యాపులు, వీడియోలు, ఆకాశం నుంచి తీసిన ఫొటోలు, ఆడినవాళ్ళు రాసుకున్న ఫిర్యాదులు, అన్నీ చదివేదాన్ని. తీరం పొడుగునా పది మైదానాలు. గొడుగుల్లా విప్పుకున్న పైన్ చెట్లు ఎక్కడ బంతికి అడ్డం వస్తాయో, ఏ ఇసుక గుంట లోతో, లెవాంటే అనే తూర్పు గాలి ఏ పూట లేస్తుందో నాకు తెలుసు. ఆ గాలి నా ఒంటికి ఎప్పుడూ తగల్లేదు. ఖాదర్‌కి తగిలింది గానీ దాన్ని ఏం చేసుకోవాలో అతనికి తెలిసేది కాదు. చేతికి దెబ్బ వచ్చు. చూపు రాదు.

అందుకే మొన్న మే నెల టూర్‌కి కొత్త ఏర్పాటు చేశాడు. జావెద్ గారని హైదరాబాద్ ఆయన, మస్కట్ పక్కన రుసైల్‌లో రెండు ఫ్యాక్టరీలున్న మనిషి, తన స్నేహితులు ముగ్గురితో వస్తున్నాడు. ఆయనకు నచ్చితే ఆయన వెనక యాభై మంది వస్తారు. ఆ తీరం తనకు తన అరచేయిలా తెలుసని ఖాదర్ ఆయనకు చెప్పుకున్నాడు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటాడు, ఇక్కడ వంటింట్లో నేను ఫోన్ దగ్గరుంటాను. ఆఫీసు ఫోన్ అని వాళ్ళకు చెప్తాడు. వాళ్ళు ఎనిమిదింటికి ఆట మొదలుపెడితే మాకు పది. మొదటి మూడు రోజులు అలాగే నడిచింది. నేను బెండకాయలు తరుగుతూ, "ఎడమ పక్కకు కొట్టద్దండీ, అక్కడ నేల సముద్రం వైపు వాలి ఉంటుంది. కుడి వైపు ఆ ఒంటరి చెట్టును చూసి కొట్టమని చెప్పండి" అనేదాన్ని. అదే మాట రెండు క్షణాల తర్వాత ఖాదర్ గొంతులో, హిందీలో వినిపించేది. దూరంగా ఎవరో "వాహ్ ఖాదర్ భాయ్!" అనేవాళ్ళు. ఆ వాహ్ వింటూ నేను పొయ్యి ముందు నిలబడి నవ్వుకునేదాన్ని. అవును, నవ్వుకునేదాన్ని.

నాలుగో రోజు పన్నెండింటికి స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. రుఖయ్యాని వచ్చి తీసుకుపొమ్మన్నారు. నా కూతురికి పదకొండేళ్ళు. టీచరమ్మ గొంతు తగ్గించి చెప్పింది, పిల్ల పెద్దమనిషి అయింది, బాత్రూమ్‌లో తలుపేసుకుని ఏడుస్తోంది, బయటికి రావడం లేదు అని. నేను పొయ్యి ఆర్పి, ఒక జత బట్టలు సంచిలో కుక్కుకుని పరుగెత్తాను. స్కూల్ మా ఇంటికి పది నిమిషాల నడక. సగం దారిలో గుర్తొచ్చింది, ఫోన్ వంటింటి గట్టు మీదే ఉండిపోయిందని. ఆగాను. ఎండలో, రోడ్డు పక్కన, కొద్దిసేపు నిజంగానే వెనక్కి తిరగాలా వద్దా అని నిలబడ్డాను. ఆ కొద్దిసేపుకి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. తర్వాత స్కూల్‌కే పోయాను. తలుపు బయట నిలబడి, "రుక్కూ, నేనమ్మా, తలుపు తీయి" అంటే తీసింది. "అమ్మా, నేను చచ్చిపోతానా?" అంది. ఇంటికి తీసుకొచ్చి స్నానం చేయించి వేడి పాలు తాగించి పడుకోబెట్టాక ఫోన్ చూశాను. ఇరవై మూడు సార్లు చేశాడు.

తర్వాత నాకు తెలిసింది ఇది. పదకొండో హోల్ దగ్గర గాలి తిరిగింది. ఖాదర్ ఫోన్ చేస్తూ చేస్తూ, ఇక తప్పక, నోటికొచ్చిన దూరం చెప్పాడు. నాలుగు బంతులూ సముద్రంలోకి పోయాయి. పన్నెండోదీ అంతే. జావెద్ గారు ఖాదర్ చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి చూపిస్తూ, "భాయ్, ఆట తెలిసినవాళ్ళు ఫోన్‌లో ఉన్నట్టున్నారు, మేం తప్పుడు మనిషిని వెంటేసుకొచ్చాం" అన్నాడట. నలుగురూ పగలబడి నవ్వారు. ఆ మిగిలిన రెండు రోజులూ ఖాదర్ వాళ్ళ బ్యాగులు మోశాడు.

శుక్రవారం మధ్యాహ్నం ఇంటికొచ్చాడు. గోల్ఫ్ సంచి హాల్లో గోడకు ఆనించి, నీళ్ళడిగాడు. ఇచ్చాను. తాగి గ్లాసు టీపాయ్ మీద పెట్టి మెల్లగా అడిగాడు.

"యాడికి పోయినావు ఆ పొద్దు?"

"స్కూల్ కాడికి. పాప పెద్దమనిషయింది."

"అయితే? చచ్చిపోతాదా? గంట ఆగలేదా?"

"ఏడుస్తాండెనండీ, ఒక్కతే..."

"నలుగురు మొగోళ్ళు నా మొగాన నవ్వినారు మే. నా మొగాన." సంచిలోంచి ఒక ఐరన్ లాగాడు. ఐరన్ అంటే సన్నటి ఉక్కు కాడకు కింద పలచటి ఇనుప బిళ్ళ ఉండే కర్ర. మొదటి దెబ్బ కుడి తొడ మీద పడింది. ఆ నొప్పి మాంసంలో ఆగలేదు, ఎముక దాకా పోయి మోగింది. రెండోది అదే చోట. కింద పడ్డాక మూడోది పక్కటెముకల మీద. కొట్టేటప్పుడు ఖాదర్ అరవడు, పక్క ఫ్లాట్‌లకు వినబడుతుందని. మొహం మీద కొట్టడు. ఆ ఒక్క ఆటలో అతనికి అన్ని దూరాలూ తెలుసు. నేనూ అరవకుండా దుపట్టా నోట్లో కుక్కుకున్నాను. ఇద్దరం కలిసి ఆ చప్పుడు బయటికి పోకుండా కాపాడుతున్నాం. దెబ్బకీ దెబ్బకీ మధ్య అతని ఊపిరి, నా ముక్కు చప్పుడు, ఏసీ హోరు.

గది తలుపు తెరుచుకుంది. రుఖయ్యా. పొట్టకు వేడినీళ్ళ సీసా అదుముకుని నిలబడి ఉంది. "అబ్బా, కొట్టద్దు" అంది తండ్రితో, చిన్నగా.

ఖాదర్ అటు తిరిగాడు. "నీ వల్లేనే ఇదంతా," అని ఒక అడుగు వేశాడు. కర్ర భుజం మీదికి లేచింది.

తర్వాతి క్షణం గురించి చాలామంది అడిగారు, నేను ఒకే జవాబు చెప్పాను. చెయ్యి చాపితే సంచి తగిలింది, చేతికి వచ్చిన కర్ర లాగాను, లేచాను, కొట్టాను. తగిలింది మోచేతి మీద. ఎండిన కొమ్మ విరిగినట్టు కాదు, తడి గుడ్డ దులిపినట్టు ఒక చప్పుడు. ఐరన్ కింద పడింది. ఖాదర్ తన చేతిని చూసుకున్నాడు, అది ఉండాల్సిన వైపు లేదు. మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అప్పుడు అతను అరిచాడు. పన్నెండేళ్ళలో ఆ ఇంట్లోంచి బయటికి పోయిన మొదటి అరుపు.

అతని తల నాకు నడుం ఎత్తున ఉంది. నడినెత్తిన జుట్టు పలచబడింది. నేను ఇంకా కర్ర పట్టుకునే ఉన్నాను, దాన్ని ఎత్తాను కూడా. కొట్టాలనిపించింది. తూలి కాదు, భయపడి కాదు, పూర్తిగా తెలిసి, హాయిగా కొట్టాలనిపించింది. ఒక్క దెబ్బ చాలు, ఎంత బలంతో కొట్టాలో కూడా తెలుసు. నా లోపల ఇంత ఉందని నాకు తెలియదు. చేతులు దించడానికి పట్టిన బలం, ఎత్తడానికి పట్టలేదు.

అరుపుకి ఎదురింటి సుగ్రా బేగం వచ్చి తలుపు బాదింది. తీశాను. హాలంతా చూసింది, "యా అల్లా" అంది. రుఖయ్యా భుజం మీద చేయి వేసి, "చల్ బేటా, మేరే ఘర్ చల్" అని తీసుకుపోయింది. వెళ్తూ వెనక్కి తిరిగి, "జైనబ్, అబ్ చుప్ మత్ రహ్నా" అంది. ఇక నోరు మూసుకుని ఉండకు అని.

ట్యాక్సీలో ఆసుపత్రికి మేమిద్దరమే పోయాం. ఎక్స్‌రే తీశారు. మలయాళీ నర్సు హిందీలో అడిగింది, ఎలా జరిగిందని. ఖాదర్ నన్ను చూడకుండా చెప్పాడు. "బాత్రూమ్‌లో జారిపడినా."

ఇదే ఆసుపత్రిలో మూడుసార్లు నేను చెప్పిన మాట అది. ఒకసారి మణికట్టుకి, ఒకసారి చెవికి, ఒకసారి మూడు నెలల కడుపు పోయినప్పుడు. నా ఫైల్లో మూడు బాత్రూమ్‌లున్నాయి. ఇప్పుడు అతనికీ ఒకటి. నర్సు పక్కకు వెళ్ళగానే ఖాదర్ నొప్పితో పళ్ళు బిగబట్టి, "అట్లే చెప్పు జైనూ. ఆడదాని చేత దెబ్బలు తిన్నాడని తెలిస్తే నేను ఈ ఊర్లో తలెత్తుకోలేను. నీకూ కేసుండదు. ఇంటికి పోదాం" అన్నాడు. జైనూ అని పెళ్ళయిన కొత్తలో పిలిచేవాడు.

అది నాకు మంచి బేరమే. కేసుండదు, జైలుండదు, వీసా ఉంటుంది. నేను చేయాల్సిందల్లా తలూపడమే. తలూపితే ఇద్దరం మా ఫ్లాట్‌కి పోతాం, ఎముక అతుక్కుంటుంది, ఆరు వారాల తర్వాత ఆ చేతికి మళ్ళీ బలం వస్తుంది. అప్పటికి రుఖయ్యాకి తలుపు వేసుకోవడం బాగా అలవాటవుతుంది.

నర్సు కాగితాలతో తిరిగి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను. "ఈయన జారిపడలేదు సిస్టర్. నేను కొట్టాను. ఇంతకుముందు మూడుసార్లు నేనూ జారిపడలేదు. ఈయన కొట్టాడు. పాత ఫైల్ తీయండి. ఈ పొద్దు దెబ్బలు కూడా చూడండి," అన్నాను. ఖాదర్ "పిచ్చిదాన్ని తీసుకొచ్చినా" అన్నాడు. నర్సు తెర లాగి, "చూపించండి" అంది. చూపించాను.

పోలీసులు వచ్చారు. వాళ్ళలో ఒక ఆడ ఆఫీసరు నా తొడకు, పక్కలకు ఫొటోలు తీయించింది. నేను చెప్పింది అరబిక్‌లో రాసి, హిందీలో చదివి వినిపించారు. "మీరు కొట్టినట్టు కూడా ఒప్పుకుంటున్నారు, తెలుసా?" అని రెండుసార్లు అడిగారు. తెలుసన్నాను. కింద జైనబీ అని సంతకం పెట్టాను. ఆ రోజు నన్ను స్టేషన్‌లోనే ఉంచారు. ఆడవాళ్ళ గదిలో నేనూ, ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయీ. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే పక్కటెముక గుచ్చుకుంది. కుడికి తిరిగితే తొడ. వెల్లకిలా పడుకుని నిద్రపోయాను, గాఢంగా.

మరునాడు పదకొండింటికి భూమేశ్ వచ్చాడు. ఖాదర్ దగ్గర కారు నడిపే నిజామాబాద్ అబ్బాయి, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు. నా మొహం చూడలేక గోడ వైపు చూస్తూ చెప్పాడు.

"అక్కా, సార్ గిట్ల చెప్పమన్నడు. మీరు మీ మాట వాపస్ తీస్కుంటే సార్ గూడ ఏం కేసు పెట్టడంట. ఇంటికి రమ్మన్నడు."

"ఇంకేమన్నాడు?"

భూమేశ్ నసిగాడు. "స్పెయిన్ కెల్లి మెయిళ్ళు వస్తున్నయంట. లాప్‌టాప్ పాస్‌వర్డ్ ఏందో అడగమన్నడు."

నాకు నవ్వొచ్చింది. పక్కటెముక పట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. భూమేశ్ భయపడ్డాడు. "కేసు పెట్టుకోమను. నేను కొట్టినదానికి ఎంత శిక్ష పడితే అంత అనుభవిస్తా. నా మాట మాత్రం వాపస్ తీసుకోను. పాస్‌వర్డ్ చెప్పను," అన్నాను. భూమేశ్ తలూపి, పోతూ పోతూ ఆగి, "మంచి పని జేసినవక్కా" అని గబగబా వెళ్ళిపోయాడు.

సాయంత్రం సుగ్రా బేగం భర్త పూచీ మీద నన్ను వదులుతామన్నారు. కేసు తేలేదాకా ఊరు దాటకూడదు, పిలిచినప్పుడల్లా రావాలి. కాగితాలు తయారవుతుండగా ఆ ఆడ ఆఫీసరు తన ఫోన్ ఇచ్చింది. సుగ్రా బేగం ఎత్తి రుఖయ్యాకి ఇచ్చింది.

"అమ్మా, అబ్బ ఆసుపత్రి నుంచి వచ్చేసినాడంట. మన ఇంటి కిటికీలో లైటు కనపడతాంది. నువ్వు ఇంటికి ఎప్పుడొస్తావు?"

"ఆ ఇంటికి రాను రుక్కూ," అన్నాను. "నీ దగ్గరికి వస్తా."