లోపల లేని వీడియో

మా తమ్ముడు కెల్విన్‌కి ఏ పనీ సాదాసీదాగా చేయడం రాదు. డాడీ మాట్లాడిన వీడియో ఒకటుంది, ఆయన పోయి ఏడాదైనందుకు ఇంట్లో ప్రార్థన పెట్టే సంవత్సరం కూడికలో టీవీకి తగిలించి చూపిస్తే సరిపోయేది. అబ్బే! "వీడియో ఎవడైనా చూపిస్తాడక్కా, నేను అప్లికేషనే తయారుచేస్తా" అన్నాడు. డాడీ ఫొటోలు, చర్చిలో పాడిన పాటలు, చివర్న ఆ వీడియో. ఒక్కోదానికి ఒక్కో బటన్. అంతా కలిపి ఒకే ఫైలు. పెన్‌డ్రైవుల్లో వేసి ఏలూరు నుంచి వచ్చే చుట్టాలందరికీ పంచుతాడట.

డాడీ పేరు నోవహు. గొంతు ఆపరేషన్‌కి ముందురోజు ఆస్పత్రి గదిలోంచి మమ్మల్నందర్నీ బయటికి పంపేసి, మమ్మీ ఫోన్‌లో ఆ వీడియో చేసుకున్నారు. మర్నాటినుంచి ఆయన మాట్లాడలేరని డాక్టర్లు ముందే చెప్పారు. "నేను పోయాక చూడు" అని ఫోన్ మమ్మీ చేతికిచ్చారు.

మమ్మీ నర్సు. ఎన్ని చావులు చూసిందో లెక్కలేదు. ఆ వీడియో మాత్రం తెరవలేకపోయింది. సంవత్సరం కూడికలో అందరి మధ్యా కూర్చుంటే తట్టుకోగలనంది. ఏడాదంతా ఆ రోజు కోసమే ఎదురుచూసింది. నన్నూ చూడనివ్వలేదు. "నాకంటే ముందు నువ్వెందుకే?" అని కసిరింది. అప్లికేషన్ చేయాలి కాబట్టి కెల్విన్‌కి ఒక్కడికే ఇచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఆర్.కె. పురంలోని మా క్వార్టర్ నిండిపోయింది. పాస్టర్ గారు వాక్యం చెప్పి ముగించారు. కెల్విన్ చర్చి లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఫొటోలు వచ్చాయి, పాటలు వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు. వాడు చివరి బటన్ నొక్కాడు. టీవీలో నల్లటి గడి ఒకటి వచ్చింది, అంతే. మళ్ళీ నొక్కాడు. మమ్మీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆ గడినే చూస్తోంది.

"బేటా, చలా నహీ?" ఆడట్లేదా అని హిందీలో అడిగింది పక్క క్వార్టర్ ఆంటీ.

వాడు తీగ పీకి, లాప్‌టాప్ ఎత్తుకుని వెనక బాల్కనీలోకి పోయాడు. నేనూ వెనకే వెళ్ళాను. చలికాలంలో ఈ ఊరిని కమ్మేసే పొగలో ఎదురు బ్లాకు కూడా కనపడట్లేదు.

"ఏమైందిరా?"

"ఫైలు సైజు చూడక్కా, ఎంత చిన్నగా ఉందో. వీడియో ఇందులో లేదు."

"లేకపోవడమేంటి? నీ లాప్‌టాప్‌లో ఆడిందన్నావుగా!"

"అందులో వీడియో ఫోల్డర్ ఉంది కాబట్టి ఆడింది. ఈ ఫైలు వీడియోని లోపల పెట్టుకోలేదక్కా, అదెక్కడుందో అడ్రస్ మాత్రం రాసుకుంది. లోపల పెట్టుకోమని నేనే టిక్ కొట్టాలి. కొట్టలేదు."

"ఐతే ఆ ఫోల్డర్ తే!"

వాడు తల దించుకున్నాడు. వాడి లాప్‌టాప్ ఆఫీసు వాళ్ళిచ్చింది. పోయిన వారమే నోయిడా కంపెనీ వీడి ఉద్యోగం పీకేసి, వీడి ఎదురుగానే దాన్ని మొత్తం తుడిచేసింది. వీడియో అప్లికేషన్‌లో భద్రంగా ఉందనే ధీమాతో వీడు నోరెత్తలేదు. అదే ధీమాతో, ఫోన్‌లో జాగా లేదని మమ్మీ గోల పెడితే అక్కడా ఎప్పుడో తీసేశాడట.

చెంప పగలగొట్టాలనిపించింది. "సరే, నువ్వు చూశావుగా. డాడీ ఏమన్నారో అదైనా వెళ్ళి చెప్పు."

"వినలేదక్కా."

"ఏంటీ?"

"గొంతు వింటే పని చేయలేనని మ్యూట్‌లో పెట్టి ఎడిట్ చేశా. సౌండ్ ఉందని తెరమీద ఎగిరే గీతలు చూసి తెలుసుకున్నా. ఇవాళ మీ అందరితో పాటు విందామనుకున్నా."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. భయం వేసింది. డాడీ చివరి మాటలు ఈ భూమ్మీద ఒక్కరూ వినలేదు.

లోపలికి వెళ్ళి, వీడియో పోయిందని నేనే చెప్పాను. మమ్మీ అరవలేదు. లేచొచ్చి కెల్విన్ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చూశావు కదరా నాన్నా. డాడీ ఏమన్నారు?"

అందరూ వాడి మొహం వైపే చూస్తున్నారు. నేను కళ్ళతో చెప్పమన్నానో, వద్దన్నానో నాకే తెలియదు.

"నిన్ను... ఏడవద్దన్నారు మమ్మీ. డ్యూటీ నుంచి ఎంత లేటుగా వచ్చినా తిని పడుకోమన్నారు. ఎప్పుడైనా నీ మనసు నొప్పించి ఉంటే క్షమించమన్నారు."

మమ్మీ ఒక్కో మాటకీ తలూపింది. "అలాగే అంటారు. అచ్చం అలాగే అంటారు" అంటూ, ఆయన పోయాక మొదటిసారి బిగ్గరగా ఏడ్చింది. పాస్టర్ గారు ప్రార్థన అందుకున్నారు.

అందరూ భోంచేసి వెళ్ళిపోయారు. మమ్మీ మొహం కడుక్కుని వచ్చి, కెల్విన్‌ని కిటికీ దగ్గర వెలుతురులో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"ఇందాక చెప్పినవన్నీ మళ్ళీ చెప్పరా. ఒక్క మాట కూడా మార్చకు. అక్క రికార్డు చేస్తుంది. ఇవి కూడా పోతే ఇంక నాకేం మిగులుతుంది?"

కెల్విన్ నా వైపు చూశాడు. నేను రికార్డు నొక్కాను.