‘ఫైర్’ అనాలంటే పళ్ళుండాలె

బండ కూలినప్పుడు నేను నోరు తెరుచుకుని ఉన్నాను. నేను చేసిన తప్పు అదొక్కటే, అది కూడా డ్యూటీ ప్రకారం చేసిందే. బొగ్గు బాయిలో మందు పేల్చే ముందు షాట్ ఫైరర్ మూడుసార్లు ‘ఫైర్’ అని కేక వెయ్యాలి. అటూ ఇటూ ఉన్నవాళ్ళు తప్పుకోవాలి. గోదావరిఖనిలో తొమ్మిదేళ్ళుగా నా పని అదే. డెబ్బై మూడులో ఒక పొద్దుటి షిఫ్టులో, రెండో కేక ఇంకా నోట్లో ఉండగానే పైకప్పు ఊడి మీద పడింది.

నోటినిండా బొగ్గు. మింగలేను, ఉమ్మలేను. ముక్కులో ఒక పక్క మాత్రం సన్నగా గాలి ఆడుతోంది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే చీకటి. నన్ను తవ్వి తీయడానికి గంట పట్టిందని తర్వాత చెప్పారు. లోపల ఉన్నవాడికి గంటలూ గడియలూ ఉండవు.

దవడ రెండు చోట్ల విరిగింది. పైన మూడు పళ్ళు, కింద ఐదు మిగిలాయి. పెద్ద దవాఖానలో పళ్ళ డాక్టరు ఆ ఎనిమిదింటికీ ఉక్కుతీగ చుట్టి, పై దవడనూ కింది దవడనూ కలిపి బిగించాడు. ఆరు వారాలు నోరు తెరవడానికి లేదు. ఇంటికి పంపేటప్పుడు నా భార్య అనసూర్య చేతిలో తీగలు తెంచే చిన్న పట్టకారు పెట్టాడు.

“వాంతి వస్తే ఊపిరాడదమ్మా. ఒక్క క్షణం ఆలస్యం చెయ్యకుండా తీగలు కత్తిరించెయ్యాలి,” అన్నాడు. ఆయనది కోస్తా మాట, మెత్తగా ఉంటుంది. మెత్తగా చెప్పినంత మాత్రాన భయం మెత్తబడదు.

అనసూర్య దాన్ని కొంగుకు కట్టుకుని తిరిగింది. పళ్ళ సందుల్లోంచి గంజి పోసేటప్పుడు ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో పట్టకారు. నాకు దగ్గు వస్తే చాలు, పట్టకారు నా మూతి మీదికి వచ్చేది. దాన్ని చూసి దగ్గు కూడా మింగడం నేర్చుకున్నాను.

తీగలు విప్పాక దవడ అతికింది గానీ నోరు మిగల్లేదు. విరిగిన ముక్కలు, చిగుళ్ళలో దాక్కున్న వేర్లు, పైన కదులుతున్న ఆ మూడూ, కింద ఒకటీ ఏడెనిమిది సార్లు కూర్చోబెట్టి పీకారు. కింద నాలుగు పళ్ళు నిలిచాయి. వాటికి తొడుగులు వేస్తామన్నారు. పైన మొత్తం సెట్టు కట్టాలన్నారు.

ఆ మధ్యలోనే మెడికల్ వాళ్ళు పిలిచి కేక వెయ్యమన్నారు. వేశాను. ‘ఫ’ పలకాలంటే కింది పెదవి పై పళ్ళకు తగలాలట. నాకు ఐదో తరగతి దాకా చదువు చెప్పిన పంతులు కూడా ఈ సంగతి చెప్పలేదు. పళ్ళు పోయాకే తెలిసింది. నా నోట్లోంచి ‘పైర్’ అని వచ్చింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ బిక్షం విన్నాడు. బాయిలో నేను మందు కూరితే వెనక మట్టి కూరేవాడు వాడే.

“బాయిల పైరు ఏస్తున్నవా సదన్నా? వరా, జొన్ననా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆరు నెలలు గడువిచ్చారు. ఆలోగా కేక స్పష్టంగా రావాలి. లేకపోతే అన్‌ఫిట్. అన్‌ఫిట్ అంటే పని పోతుంది, పనితోపాటు క్వార్టరూ పోతుంది. అందరూ నా భయం దాని గురించే అనుకున్నారు. ఫిట్ అన్నా భయమేనని ఎవరికి చెప్పను? ఫిట్ అయితే మళ్ళీ ఆ బండ కిందికే పోవాలి.

పై సెట్టు కట్టాలంటే ముందు అచ్చు తియ్యాలి. తడి సున్నం లాంటి ముద్దను పళ్ళెంలో పెట్టి నోట్లోకి నొక్కి, గట్టిపడేదాకా కదలకుండా పట్టుకుంటారు. నాలుగు నిమిషాలు. మొదటిసారి ఆ చల్లటి ముద్ద అంగిలికి తగలగానే డాక్టరు చెయ్యి తోసేసి, మెడకు కట్టిన గుడ్డతోనే ఇంటిదాకా ఉరికాను.

అనసూర్య గుడ్డను చూసింది, నన్ను చూసింది.

“అచ్చుకే గిట్ల ఉరికొస్తే, బాయిలకెట్ల పోతవు?”

“పోనంటే?”

“పోకుంటే ఏడుంటం? నీ నోట్లనా? పండ్లు లేవు గదా, జాగ మస్తుగున్నది.”

మర్నాడు మళ్ళీ పోయాను. డాక్టరు దగ్గర పనిచేసే రహమతుల్లా నా భుజం తట్టాడు. అతను ముందు బాయిలో బొగ్గు టబ్బులు లాగే తాడును ఆపడానికీ నడపడానికీ గంట కొట్టేవాడు. రెండు వేళ్ళు తెగాక దవాఖానలో వేశారు.

“ఫికర్ జెయ్యకు సదన్నా. నోట్ల ముద్దుంటె మాట్లాడరాదు గద. నీతోని కాకుంటె కుర్సీ మీద ఒక్కపారి కొట్టు. నేనుంట.”

డాక్టరు సరేనన్నాడు. ముద్ద లోపలికి వచ్చింది. ఆయన నొక్కి పట్టుకుని గోడ గడియారం చూస్తున్నాడు. ముద్ద మెల్లగా వేడెక్కింది. గొంతు వైపు జారింది. నాలుక కదపబోతే జాగా లేదు. ముక్కులో ఒక పక్కే గాలి. గదిలో ఎండ ఉంది, కిటికీ ఉంది, డాక్టరు తెల్లకోటు ఉంది. అయినా నాకు చీకటైంది. నేను మళ్ళీ కింద ఉన్నాను.

కుర్చీ చేతిమీద ఒక్కసారి కొట్టాను, బలంకొద్దీ.

“నడిపియ్యమంటున్నడు సార్,” అన్నాడు రహమతుల్లా. “ఉంచుండ్రి.” అని నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాడు. “శబాష్ సదన్నా. గట్టోనివి.”

ఇంకోసారి కొట్టడానికి నాకు చెయ్యి లేదు. అరవడానికి నోరు లేదు. మిగిలిన మూడు నిమిషాలు ఏమయ్యానో నాకు తెలియదు. ముద్ద బయటికి వచ్చాక తొట్టిలో కక్కుకుని, రహమతుల్లా చొక్కా పట్టుకున్నాను.

“ఒక్కపారి కొట్టిన గదరా, ఆపుమని.”

అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“తాడు నడుస్తుంటె ఒక్క గంట అంటె ఆపుడు. ఆగి ఉంటె ఒక్క గంట అంటె నడిపిచ్చుడు. సార్ చెయ్యి ఆగే ఉండె గదన్నా. నడిపియ్యమన్నవనుకున్న. నీకెర్కలేదా?”

ఎరుకే. బాయిలో దిగే ప్రతివాడికీ ఎరుకే. చొక్కా వదిలేశాను. డాక్టరు అచ్చును వెలుతురుకు తిప్పి చూసి, ఒక్క గీత కూడా చెదరలేదని మురిసిపోయాడు.

మూడు వారాలకు పళ్ళు వచ్చాయి. పైన తెల్లటి వరస, కింద నాలుగు తొడుగులు, వాటిని పట్టుకుని ఇంకో చిన్న సెట్టు. అద్దంలో చూసుకుంటే ఎవరో నా మూతిలోంచి నవ్వుతున్నట్టు ఉంది. అనసూర్య తల పక్కకు వంచి చూసింది. “మంచిగనే ఉన్నయి. కోమటి సావుకారి లెక్క అగుపిస్తున్నవు,” అంది.

మెడికల్ వాళ్ళు వరండా ఈ చివర నన్ను, గేటు దగ్గర కాంపౌండరును నిలబెట్టారు. కేక సరిగ్గా వినబడితే చెయ్యి ఎత్తమన్నారు. గట్టిగా ఊపిరి పీల్చాను. ‘పైర్’ అనే రావాలని లోపల మొక్కుకున్నాను. కింది పెదవి దానంతటది పోయి కొత్త పళ్ళకు ఆనింది.

ఫైర్.

కాంపౌండరు చెయ్యి లేచింది. కాగితం మీద ఫిట్ అని రాసి ముద్ర కొట్టారు.

సోమవారం మొదటి షిఫ్టు. దీపం, టోపీ తీసుకుని బాయి మొగదలకు నడిచాను. బిక్షం పక్కనే ఉన్నాడు. లోపలి నుంచి ఆ తడి గాలి ముఖానికి కొట్టగానే నా నోట్లో టకటకమని మొదలైంది. సొంత పళ్ళయితే ఇంత చప్పుడు చేసేవి కావేమో. దవడలు బిగించాను. ఆగలేదు.

“ఏందన్నా గా సప్పుడు?” అన్నాడు బిక్షం.

“కొత్త పండ్లురా. గా డాక్టరుకు పనే రాదు. సరింగ కూసోవెట్టలే.”

వాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తన టోపీ దీపం వెలుగు నా ముఖం మీది నుంచి కిందికి తిప్పుకున్నాడు.

“గట్లనే ఉంటరు డాక్టర్లు,” అన్నాడు. “పా.”

ఏ తప్పూ లేని ఆ డాక్టర్ని పని చోటికి చేరేదాకా తిడుతూనే నడిచాను, చప్పుడు వినబడకుండా గట్టిగా.