మూడు మూలలు

కొట్లో కూర్చుని జీలకర్ర పొట్లాలు కడుతున్నాను, కట్టిన పొట్లం కట్టగానే విచ్చుకుంటోంది, తక్కెడ ఉండవలసిన చోట నల్లబల్ల వేలాడుతోంది, బియ్యం బస్తాల మీద బడిపిల్లలు కూర్చున్నారు గాని ఒక్కరికీ మొహం లేదు, వాళ్ల మధ్య నుంచి చేతుల నిండా సుద్దపొడితో దమయంతి నడిచి వస్తోంది, పోయి ఏడాదైన నా భార్య, లెక్కల పంతులమ్మ, వచ్చి నన్ను కాదు, నా ముందున్న పాత పేపర్ల దొంతరను చూస్తోంది.

"నా పెట్టె ఝాన్సీ టీచరుకి ఇచ్చారా?"

ఆ పెట్టె నిండా ఆమె మడిచిన కాగితాలే, కొంగలు, పడవలు, పాఠాలకి వాడే త్రిభుజాలు. ఆమె స్థానంలో వచ్చిన ఝాన్సీ అడుగుతూనే ఉంది, నేను ఇవ్వనంటూనే ఉన్నాను.

"ఇన్నాళ్లకి కనబడి అడిగేది ఇదా? తిన్నావా అని లేదు."

"తింటున్నారని పొట్టే చెబుతోంది."

"జ్వరంతో బడికి పోవద్దన్నాను. విన్నావా? చివరికి నిన్ను బల్ల మీద ఇంటికి మోసుకొచ్చారు."

"త్రిభుజం పాఠం సగంలో ఉంది కదండీ."

"నా కాపురమూ సగంలోనే ఉంది."

దొంతరలోంచి ఒక పేపరు తీసి మూడు మూలలు వచ్చేలా చింపి నా చేతిలో పెడుతోంది, కొట్టు ఎప్పుడు బడి వరండా అయిందో తెలియదు, చూరు నుంచి వాన కారుతోంది, నేను తడవడం లేదు.

"పై మూల కింది అంచుకి ఆనేలా మడవండి. అటూ ఇటూ మూలలు కూడా అక్కడికే తెండి. మూడూ కలిసి తిన్నని గీత అయిందా? ఏ త్రిభుజమైనా అంతే. నోటితో చెబితే మరిచిపోతారు, మడిస్తే చేతికి గుర్తుంటుంది."

"పుట్టిందగ్గర్నుంచి పొట్లాలు కడుతున్నాను. నాకు నేర్పుతావా?"

"మీ పనితనం జీలకర్ర దాకానే. గోటితో గీయండి, లేకపోతే మడత నిలవదు."

గీస్తున్నాను, విసుగొస్తోంది, గీస్తూనే ఉన్నాను. "నా మాట ఎందుకు వినలేదో అది చెప్పి కదులు" అంటే, అప్పటికే ఆ మొహంలేని పిల్లల వైపు తిరిగిపోయింది, వీపు మీద సుద్దమరక ఒక్కటే కనిపిస్తోంది.

"బాబాయిగారూ."

కళ్లు తెరిచాను. మధ్యాహ్నపు ఎండ కొట్లోకి వచ్చింది. ఎదురుగా ఝాన్సీ.

"పెట్టె సంగతి మళ్లీ అడుగుదామని..."

"అటక మీదుంది. తీసుకుపో. ఇంకోసారి నా గుమ్మం తొక్కకు."

ఆమె నిచ్చెన కోసం చూస్తోంది. నా బొటనవేలి గోరు ఒళ్లోని కండువా అంచు మీద నొక్కుకునే ఉంది. తీసి చేత్తో సవరించాను. మడత పోలేదు.