అనవసరపు బ్రేకు

ఇస్హాక్ సంతకం పెట్టనన్నాడు. కాగితంలో ఉన్నది ఒక్క ముక్కే: 'డ్రైవర్ అనవసరంగా బ్రేకు వేశాడు.' ఇలాంటివి రెండు అప్పటికే అతని పేరున ఉన్నాయి. మూడోది పడితే టెస్టు కారు తాళాలు ఇచ్చేసి ఇంటికి పోవాల్సిందే.

ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టినవాడు. అలియాబాద్‌లో పెళ్లిబస్సు మాట్లాడుకునేవాళ్లు ఇస్హాకే నడుపుతున్నాడా అని అడిగి మరీ ఎక్కేవాళ్లు. అలాంటివాడికి బ్రేకు ఎప్పుడు తొక్కాలో గుండ్లపోచంపల్లి ఆఫీసులో ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు నేర్పుతారట! అతనికి ఒళ్లు మండిపోయింది.

కంపెనీ పరీక్షిస్తున్న ఆ కారుకు ముందద్దం వెనక కెమెరా, బంపర్‌లో రాడార్. కెమెరా ఆకారం చూస్తుంది, రాడార్ దూరం కొలుస్తుంది. ముందున్నది బండేనని రెండూ ఒప్పుకుంటేనే కారు కూత పెట్టి, తనంతట తానే బ్రేకు వేస్తుంది. అందాకా డ్రైవర్ కాలు కదపకూడదని షరతు. నిన్న పొద్దున అత్వెల్లి దాటాక ముందు ఒక వరిగడ్డి ట్రాక్టర్ పోతోంది. గడ్డి ట్రాలీకి అటూ ఇటూ వేలాడుతూ చక్రాలనూ లైట్లనూ కప్పేసింది. కారు కిక్కురుమనలేదు. ఇస్హాక్ బ్రేకు తొక్కేశాడు.

"గా ట్రాక్టర్ రాడార్‌కు కండ్లబడ్డదా లేదా మేడమ్?" అని రికార్డింగులు పరిశీలించే మనోరమను అడిగాడు.

"పడింది. గడ్డి కింద ఇనుము ఉంది కదా. కెమెరాకే అది బండిలా అనిపించలేదు. అందుకని లెక్కలోంచి తీసేసింది."

"మరి నేను జేసిన తప్పేంది?"

యజమాని జానకిరామయ్య విసుక్కున్నాడు. "నువ్వు కంగారుపడ్డావయ్యా. ఇంకో క్షణం ఆగితే కారే పట్టుకునేది. సంతకం పెట్టు."

"పెట్ట. మీరు ముందటి సీట్ల కూసోండ్రి సార్. ఇంకో గడ్డి ట్రాక్టర్ ఎనుక పోదాం. కూత ఇనవడేదాంక నేను కాలు కదప. అది పట్టుకుంటే సంతకం జేస్త, పొమ్మంటె పోత."

ఆఫీసంతా చూస్తుండగా వెనక్కి తగ్గితే పరువేం కాను? జానకిరామయ్య ఎక్కాడు. మనోరమ కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది.

కోతల కాలం, గడ్డి ట్రాక్టర్లకేం కొదవ. మేడ్చల్ దాటగానే ఒకటి కనిపించింది. ఏం చెడిపోయిందో గానీ సగం రోడ్డు మీదే ఆగిపోయి ఉంది. ఇస్హాక్ యాభై కిలోమీటర్ల వేగం మీదే పోనిచ్చాడు. ఎక్కడ తొక్కితే ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు.

"రాడార్ చూసింది. ఎనభై మీటర్లు," అంది మనోరమ. "కెమెరా బండి కాదంటోంది. అరవై."

"ఇస్హాక్!"

"కూత రాలే సార్."

"బ్రేకు వెయ్యవయ్యా!"

వేశాడు. ట్రాలీ ఇంకా నాలుగైదు బారల దూరంలో ఉండగా కారు ఆగింది. ఇస్హాక్ పక్కకు తిరిగి కిందికి చూశాడు. జానకిరామయ్య బూటుకాళ్లు రెండూ మ్యాట్‌ను అదిమి పట్టి ఉన్నాయి. మోకాళ్లు ఇంకా బిగుసుకునే ఉన్నాయి.

"గాడ బ్రేకు లేదు సార్," అన్నాడు ఇస్హాక్. "అయినా తొక్కిండ్రు. కాగితం దియ్యుండ్రి. నా పేరు కింద మీ పేరు గూడ రాయుండ్రి, ఇద్దరం సంతకం పెడదాం."